ఒకే కుటుంబపు జోన్‌లో రెండు కాపురాల ఇల్లు: కొనవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాము. 1924లో కట్టిన రెండంతస్తుల ఇల్లు ఒకటి నచ్చింది. కింద ఒక కాపురం, పైన ఒక కాపురం, రెండు వంటగదులు, రెండు కరెంటు మీటర్లు. తెనాలి నుంచి అమ్మానాన్నలను రప్పించి కింద ఉంచాలని, మేము పైన ఉండాలని, అవసరమైతే తర్వాత ఒక భాగం అద్దెకు ఇవ్వాలని మా ఆలోచన. కానీ ఏ వీధిలో ఏ రకం కట్టడాలు ఉండాలో చూపే ఊరి జోనింగ్ పటంలో ఆ వీధంతా ఒకే కుటుంబం ఉండవలసిన ఇళ్ల జోన్‌గా చూపించారు. ‘ఇది లీగల్ నాన్‌కన్ఫార్మింగ్ ఇల్లు, దశాబ్దాలుగా ఇలాగే ఉంది, పన్ను కూడా ఇలాగే కడుతున్నారు, భయం లేదు’ అని ఏజెంటు అంటున్నాడు. పై భాగం దాదాపు రెండేళ్లుగా ఖాళీగా ఉంది. ఏడాది ఖాళీగా ఉంటే హక్కు పోతుందని ఒక మిత్రుడు చెప్పాడు. ఊరివాళ్లు గడువు పెట్టి ఆపించగలరని డాలస్‌లో ఉన్న మా బావగారు అంటున్నారు. ఈ ఇల్లు కొనవచ్చా? అగ్నిప్రమాదం జరిగితే మళ్లీ కట్టుకోనిస్తారా? వెనుక వైపు ఒక గది పెంచుకోవచ్చా, బేస్‌మెంటులో ఇంకొకరికి అద్దెకు ఇవ్వవచ్చా? ఏదైనా తేడా వస్తే తర్వాత రుసుము కట్టి క్రమబద్ధం చేసుకునే వీలు ఉంటుంది కదా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు

జవాబు: కొనవచ్చు. అయితే ఏజెంటు మాట నమ్మి మాత్రం కొనవద్దు. ఆ ఇంట్లో రెండు కాపురాలు ఉండడం చట్టబద్ధమేనని జోనింగ్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రం చేతికి వచ్చాకే క్లోజింగ్‌కు, అంటే డబ్బు కట్టి ఇల్లు రాయించుకోవడానికి, వెళ్లండి. న్యూజెర్సీలో దానిని సెక్షన్ 68 సర్టిఫికెట్ అంటారు. మీ ప్రశ్నల్లో చాలావాటికి సమాధానం చివరికి ఆ కాగితం దగ్గరికే చేరుతుంది కాబట్టి ముందే చెప్పాను. ఇక కారణాలు.

జోనింగ్ నియమం సాధారణంగా ముందుకే చూస్తుంది. ఒక వీధిలో ఇక మీదట ఒకే కుటుంబపు ఇళ్లు ఉండాలని ఊరు ఆర్డినెన్సు, అంటే స్థానిక చట్టం, చేసిన రోజున అక్కడ అప్పటికే చట్టబద్ధంగా రెండు కాపురాల ఇల్లు ఉంటే, దానిని ఉన్నపళంగా తప్పుపట్టరు. ఉన్నది ఉన్నట్టు సాగనిస్తారు. కొత్త నియమానికి సరిపోదు, అయినా చట్టవిరుద్ధమూ కాదు: లీగల్ నాన్‌కన్ఫార్మింగ్ అంటే ఇదే. ఈ హక్కు యజమానితో పోదు, స్థలంతో పాటు చేతులు మారుతుంది. అమ్మే వారికి నిజంగా ఆ హక్కు ఉంటే రేపు మీకూ ఉంటుంది.

ఈ రక్షణ అమెరికా అంతటా ఒకే తీరుగా లేదు. 1915లో లాస్ ఏంజెలెస్ ఇటుకల బట్టీ కేసును సుప్రీంకోర్టు తేల్చింది. బట్టీ యజమాని ఆ భూమి కొన్నప్పుడు అది నగర సరిహద్దుల బయట ఉంది. నగరం పెరిగి దానిని చుట్టుముట్టింది, తర్వాత అక్కడ ఇటుకలు కాల్చకూడదని ఆర్డినెన్సు వచ్చింది. ఇటుకల కోసమైతే ఆ భూమి విలువ సుమారు 8 లక్షల డాలర్లనీ, మరి దేనికైనా 60 వేలకు మించదనీ అతడు వాదించాడు. అయినా ఓడిపోయాడు. ముందు నుంచీ ఉన్నదానికి రాజ్యాంగమే సంపూర్ణ రక్షణ ఇస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. ఎంత రక్షణ ఉందో ఆయా రాష్ట్రాల శాసనాలూ కోర్టులూ నిర్ణయిస్తాయి.

మీ బావగారు చెప్పింది కల్పన కాదు. ఇన్నేళ్లలో ఆపేయాలని గడువు పెట్టే పద్ధతి కొన్ని రాష్ట్రాల్లో ఉంది. కాలిఫోర్నియాలో ఇళ్ల ప్రాంతంలో నడుస్తున్న ఒక ప్లంబింగ్ వ్యాపారానికి ఐదేళ్ల గడువు పెడితే 1954లో అక్కడి కోర్టు సమర్థించింది. పెన్సిల్వేనియా అత్యున్నత న్యాయస్థానం 1991లో అలాంటి గడువు తమ రాష్ట్ర రాజ్యాంగానికే విరుద్ధమంది. టెక్సాస్‌లో 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఊరు పాత వాడకాన్ని ఆపించాలంటే ముందే నోటీసు ఇవ్వాలి, యజమాని నష్టానికి పరిహారమో తగిన వ్యవధో చూపాలి. న్యూజెర్సీలో మీకు వర్తించేది మునిసిపల్ ల్యాండ్ యూజ్ చట్టం. ఆర్డినెన్సు వచ్చేనాటికి ఉన్న వాడకాన్ని కొనసాగించుకోవచ్చని అది స్పష్టంగా చెబుతోంది. కాబట్టి గడువు సంగతి పక్కన పెట్టేయండి. మీరు భయపడవలసింది వేరే చోట ఉంది.

ఇల్లు 1924 నాటిదన్న మాట మీకూ ఏజెంటుకూ చాలా ధైర్యం ఇచ్చినట్టుంది. న్యూజెర్సీలో జోనింగ్‌కు అధికారమిస్తూ రాజ్యాంగ సవరణ వచ్చింది 1927లో, ఆ మరుసటి ఏడు చట్టం వచ్చింది. ఇల్లు అంతకంటే పాతది కాబట్టి దానికి రక్షణ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆర్డినెన్సు కంటే ముందు ఉండవలసింది ఇల్లు కాదు, అందులో రెండో కాపురం. 1924లో ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటిని 1970లలో ఎవరో అనుమతి లేకుండా రెండుగా విడగొట్టి ఉంటే, గోడల వయసు ఎంతైనా ఆ రెండో కాపురం మొదటి రోజు నుంచీ చట్టవిరుద్ధమే. చట్టవిరుద్ధంగా మొదలైన వాడకానికి ఎంత కాలం గడిచినా ఈ రక్షణ రాదు. యాభై ఏళ్లుగా ఎవరూ అడగలేదన్నది వాదన కాదు. ఇక్కడి ఊళ్లలో ఇలాంటి ఇళ్లు కొన్నవారిలో చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

కనుక ముందు తేలవలసినది ఒక తేదీ: ఆ వీధిలో రెండు కాపురాల ఇళ్లను ఏ ఆర్డినెన్సు, ఏ సంవత్సరంలో నిషేధించింది? మునిసిపల్ క్లర్కు దగ్గర పాత ఆర్డినెన్సులూ జోనింగ్ పటాలూ ఉంటాయి. ఓప్రా, అంటే బహిరంగ దస్తావేజుల చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. ఒక్కోసారి మంచి వార్తే వస్తుంది. మొదట్లో ఆ వీధిలో రెండు కాపురాలకు అనుమతి ఉండి, 1978లోనో 1985లోనో జోన్ మార్చి ఉండవచ్చు. అలా అయితే 1927 దాకా తవ్వుకుంటూ వెళ్లనక్కరలేదు. ఆ మార్పు జరిగిన నాటికి ఇంట్లో రెండు కాపురాలు ఉన్నాయని, అంతకుముందు అవి చట్టబద్ధంగానే మొదలయ్యాయని చూపితే సరిపోతుంది. పని సగానికి సగం తగ్గుతుంది.

తేదీ తేలాక ఆనాటి సాక్ష్యం కావాలి. నిరూపించే భారం పూర్తిగా దరఖాస్తుదారుదే. బిల్డింగ్ విభాగంలో పాత అనుమతులు, పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అసెసర్ దగ్గర ప్రాపర్టీ రికార్డు కార్డు, రెండు మీటర్లు ఏ ఏడు బిగించారో తెలిపే విద్యుత్ సంస్థ రికార్డు మొదట అడగండి. పాత సిటీ డైరెక్టరీలు స్థానిక గ్రంథాలయంలో దొరుకుతాయి. ఒకే ఇంటి నంబరు కింద వేర్వేరు ఇంటిపేర్లతో రెండు కుటుంబాలు ఏటేటా కనిపిస్తే అది బలమైన ఆధారం. అమెరికా జనాభా లెక్కల పత్రాలను 72 ఏళ్ల తర్వాత బయటపెడతారు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. వీధి పేరూ ఇంటి నంబరూ పట్టుకుని వెతికితే ఆ ఏడు ఆ గోడల మధ్య ఎన్ని కాపురాలున్నాయో, ఇంటి పెద్దలెవరో, ఎవరు ఏ పని చేసేవారో లెక్కలు రాసుకున్న ఉద్యోగి చేతిరాతలో కనిపిస్తుంది. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీసిన శాన్‌బోర్న్ పటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిలో మామూలు నివాసానికి డి అని, ఫ్లాట్లున్న కట్టడానికి ఎఫ్ అని గుర్తు పెట్టారు. ఆ వీధిలో పుట్టి పెరిగిన పెద్దవారెవరైనా ఇంకా ఉంటే వారి ప్రమాణపత్రం తీసుకోండి. బోర్డు సభ్యులు తమ వీధివాళ్ల మాటను శ్రద్ధగా వింటారు.

ఏజెంటు చెప్పిన పన్ను సంగతి మాత్రం ఇందులో కలపకండి. న్యూజెర్సీ పన్ను వర్గాల్లో క్లాస్ 2 అంటే నాలుగు కుటుంబాల వరకు ఉన్న నివాసం. ఒక కాపురం ఉన్నా, నాలుగు ఉన్నా వర్గం అదే. పన్ను బిల్లులో క్లాస్ 2 అని ఉండడం రెండో కాపురానికి సాక్ష్యం కాదు. అసెసర్ కార్డు మీద రెండు కుటుంబాలని రాసి ఉన్నా, ఆ రోజు లోపల ఏముందో అది చెబుతుందే తప్ప అది చట్టబద్ధమో కాదో చెప్పదు. మీ రుణం కోసం ఇంటి విలువ కట్టడానికి వచ్చే అప్రైజర్ నివేదికదీ అదే పరిస్థితి. అందులో లీగల్, లీగల్ నాన్‌కన్ఫార్మింగ్, నో జోనింగ్, ఇల్లీగల్ అని నాలుగు గళ్లుంటాయి. రెండో గడిలో టిక్కు పెడితే బ్యాంకు తృప్తిపడవచ్చు, కానీ ఊరు ఆ టిక్కుకు కట్టుబడదు.

ఇప్పుడు ధ్రువపత్రం. దీనికి యజమానే కాదు, కొనబోయేవారూ, తనఖా పెట్టుకోబోయే బ్యాంకూ కూడా దరఖాస్తు చేయవచ్చని చట్టంలోనే ఉంది. జోన్ మారిన ఏడాదిలోపైతే జోనింగ్ ఆఫీసరు ఇవ్వగలడు. ఆ తర్వాత ఎప్పుడైనా జోనింగ్ బోర్డుకే వెళ్లాలి. ‘ఆఫీసరు నాకు తెలిసినవాడే, ఒక ఉత్తరం రాయిస్తాను’ అని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి. మీ ఇంటి విషయంలో ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది కాబట్టి ఆ ఉత్తరం మిమ్మల్ని కాపాడదు.

దరఖాస్తు ఖర్చు అమ్మేవారే పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఇంటి చరిత్ర వాళ్లది, రెండు కాపురాల ధర అడుగుతున్నదీ వాళ్లే. దీనికి సరైన అదను ఉంది. న్యూజెర్సీలో బ్రోకర్లు తయారుచేసే ఇళ్ల ఒప్పందాల్లో సంతకాల తర్వాత మూడు పనిదినాల అటార్నీ రివ్యూ, అంటే న్యాయవాది పరిశీలన గడువు, ఉంటుంది. ఆ మూడు రోజుల్లో మీ న్యాయవాది ఒక షరతు చేర్చాలి: రెండు కుటుంబాల వాడకానికి సెక్షన్ 68 ధ్రువపత్రం వచ్చాకే క్లోజింగ్, రాకపోతే బయానా మొత్తం వెనక్కి. ఇళ్ల క్లోజింగ్‌లు చేసే న్యాయవాదులందరికీ జోనింగ్ బోర్డు ముందు అనుభవం ఉండదు. ల్యాండ్ యూజ్ పనిచేసేవారు ఎవరని ముందే అడగండి. బోర్డుకు నెలలు పట్టవచ్చు, ఆలోపు మీ వడ్డీ రేటు లాక్ గడువు అయిపోవచ్చు. బ్యాంకుతో ఇప్పుడే మాట్లాడండి.

ఖాళీ విషయం జాగ్రత్తగా చూడాలి. మసాచుసెట్స్ చట్టం రెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ కాలం ఆగిపోయిన వాడకాన్ని నియంత్రించే అధికారం ఊళ్లకు ఇచ్చింది. ఇంకా చాలా చోట్ల నిర్ణీత కాలం ఖాళీగా ఉంటే, కారణం ఏదైనా, హక్కు పోతుంది. మీ మిత్రుడు విన్నది అలాంటి చోటి మాట అయి ఉంటుంది. న్యూజెర్సీ కోర్టులు కాలాన్ని మాత్రమే చూడవు. వదులుకోవాలన్న ఉద్దేశం ఉండాలి, దానిని తెలిపే పనో మానుకోవడమో కూడా ఉండాలి. అయితే మీ ఊరి ఆర్డినెన్సులో ఏడాది అనో మరో గడువో రాసి ఉంటే, వదులుకోలేదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. అందువల్ల ఈసారి ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు పై వంటగదిని బాగా చూడండి. పొయ్యి ఉందా, గ్యాసు లైనుకు బిరడా వేశారా, రెండో మీటరు తిరుగుతోందా, పై మెట్ల తలుపు తీసేసి రెండు భాగాలను కలిపేశారా? అద్దెకు ప్రకటన ఇచ్చారా, మరమ్మతుల కోసం ఆగారా అని అమ్మేవారిని అడిగి ఆ కాగితాలు తీసుకోండి. పొయ్యి పీకేసి, మీటరు రద్దు చేసుకుని, ఒకే కుటుంబపు ఇల్లుగా ఏదైనా అనుమతి తీసుకుని ఉంటే ఈ ఇల్లు వదిలేయమనే చెబుతాను.

ఇదే జాగ్రత్త రేపు మీరూ పాటించాలి. అమ్మానాన్నలు కింద, మీరు పైన ఉండి రెండు వంటగదులూ నడిపితే రెండు కాపురాల వాడకం కొనసాగుతున్నట్టే, అద్దె పుచ్చుకోవాలన్న నియమం లేదు. ‘అందరం ఒకే కుటుంబమే కదా’ అని నడిమి తలుపు తీసేయడం, పై వంటగదిని పూజగదిగా మార్చడం మాత్రం చేయకండి. కాంట్రాక్టరు పని తేలిక కోసం దరఖాస్తులో ఒకే కుటుంబపు ఇల్లు అని రాస్తే సంతకం పెట్టకండి. ఆ ఒక్క గీత మీ హక్కుకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

అగ్నిప్రమాదం గురించి: పాక్షికంగా దెబ్బతింటే తిరిగి కట్టుకోవచ్చని చట్టం చెబుతోంది. పూర్తిగా పోతే ఆ హక్కు లేదు, కొత్తగా కట్టేది ఒకే కుటుంబపు ఇల్లు కావాలి. చాలా నగరాల నియమాల్లో 50 శాతం వంటి కొలత ఉంటుంది. న్యూజెర్సీ శాసనం పాక్షికం అంటుందే తప్ప ఏ శాతమూ చెప్పదు. మంటలతోనే కాదు, మీ చేతులతోనూ ఇది జరగవచ్చు. సీసైడ్ పార్క్‌లో ఒక యజమాని అనుమతి తీసుకునే మరమ్మతు మొదలుపెట్టాడు. పని సాగుతూ సాగుతూ కట్టడం దాదాపు మొత్తం కూల్చివేత దాకా వచ్చింది. అది పాక్షిక నాశనం కాదని, పాత హక్కు పోయిందని 2013లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. చెదలు పట్టిన దూలాలు మార్చడం ఒకటి, గోడలన్నీ దించడం మరొకటి. కాంట్రాక్టరు ‘ఎలాగూ తెరిచాం కాబట్టి అన్నీ కొత్తవి వేసేద్దాం’ అన్న రోజున పని ఆపి న్యాయవాదికి ఫోను చేయండి. బీమా పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా అనే రక్షణ, అంటే తిరిగి కట్టేటప్పుడు ఇప్పటి నియమాల వల్ల పడే అదనపు ఖర్చుకు ఇచ్చే రక్షణ, ఎంత ఉందో అడగండి. మామూలు గృహ పాలసీల్లో అది తరచూ ఇంటి బీమా మొత్తంలో 10 శాతమే ఉంటుంది. మీకు అది చాలదు, పెంచుకోండి.

వెనుక గది పెంచాలంటే వేరియెన్స్, అంటే జోనింగ్ నియమం నుంచి బోర్డు ఇచ్చే మినహాయింపు, కావాలి. పాత వాడకాన్ని సాగనిచ్చిన చట్టమే దానిని పెరగనివ్వడానికి ఇష్టపడదు. పాత వాడకం విస్తరణ న్యూజెర్సీలో డి రకం వేరియెన్స్ కిందికి వస్తుంది. ఊరి బోర్డులో కనీసం ఐదుగురు అవునని ఓటు వేయాలి. రాని సభ్యుడి ఓటు మీకు లేనట్టే. ఆ రాత్రి ఐదుగురే వచ్చి ఉంటే ఐదుగురూ ఒప్పుకోవాలి కాబట్టి వాయిదా కోరడమే మంచిది. 200 అడుగుల లోపు ఆస్తులున్నవారికి కనీసం 10 రోజుల ముందు నోటీసు పంపాలి. నోటీసు చేరకముందే మీరే వెళ్లి ఇరుగుపొరుగుకు నక్షా చూపించండి, వారి అభ్యంతరాలు వినండి. ప్రత్యేక కారణాలేమిటో, చుట్టుపక్కలవారికీ జోన్ ఉద్దేశానికీ చెప్పుకోదగ్గ హాని ఎందుకు లేదో మీరు చూపాలి. 1990లో మైన్ హిల్ టౌన్‌షిప్‌లోని ఒక పాత కార్ల యార్డు కేసులో, విస్తరణతో పాటు స్థలం రూపురేఖలు బాగుపడడం కూడా ప్రత్యేక కారణం కాగలదని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అంగీకరించింది. అంటే దారి మూసుకుపోలేదు. కానీ ఆ గది వస్తుందన్న లెక్కతో ఇంటి ధర ఒప్పుకోకండి. ఇప్పుడున్న గదులే మీ కుటుంబానికి చాలవనుకుంటే ఇది మీ ఇల్లు కాదు.

బేస్‌మెంటులో మూడో కాపురం గురించి గట్టిగానే చెబుతాను: వద్దు. పాత హక్కు రెండు కాపురాలకే, మూడోది ఈ రోజు పుట్టే ఉల్లంఘన. జోనింగ్ ఉల్లంఘన కారణంగా అద్దెదారును ఖాళీ చేయించవలసి వస్తే, నెల అద్దెకు ఆరు రెట్లు యజమాని అతడికి చెల్లించాలని న్యూజెర్సీ చట్టం ఉంది. రెండు వేల డాలర్ల అద్దె అయితే పన్నెండు వేలు, జరిమానాలు వేరే. అసలు డబ్బు కంటే ముందు, తప్పించుకునే కిటికీ లేని గదిలో ఒక మనిషిని పడుకోబెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆ ఆరు రెట్ల నియమం మీ రెండో కాపురానికీ వర్తించవచ్చు. ధ్రువపత్రం లేకుండా కొని, అద్దెకు ఇచ్చి, తర్వాత అది చట్టబద్ధం కాదని తేలితే చెల్లించవలసింది పాత యజమాని కాదు, మీరే.

రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవడమన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. తెలంగాణలో 2015లో అనుమతి లేని కట్టడాలకు బీఆర్‌ఎస్, 2020లో లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ బీపీఎస్ పేరుతో అలాంటి అవకాశాలు ఇచ్చారు. అక్కడ ఇళ్లూ ప్లాట్లూ కొన్న మనలో చాలామందికి ‘ముందు కొందాం, పథకం వచ్చినప్పుడు కట్టేద్దాం’ అన్న అలవాటు ఉంది. న్యూజెర్సీలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. జరిమానా కట్టినంత మాత్రాన వాడకం చట్టబద్ధం కాదు. పాత హక్కు నిరూపించాలి, లేదా ఐదు ఓట్లతో వేరియెన్స్ పొందాలి.

అమ్మేవారు షరతుకు ఒప్పుకోకపోతే వెంటనే చేయి దాటిపోతుందని కంగారు పడకండి. ఎందుకు ఒప్పుకోవడం లేదో అడగండి. ఆలస్యం మాత్రమే వాళ్ల బాధ అయితే, మీ ఖర్చుతో మీరే దరఖాస్తు వేసి క్లోజింగ్ తేదీని వెనక్కి జరపమనండి. బోర్డు ముందుకు వెళ్లడమే ఇష్టం లేదంటే, రెండే దారులు. ఆ ఇంటిని ఒకే కుటుంబపు ఇల్లుగా లెక్కగట్టి, ఆ వీధిలో అలాంటి ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి అంతే ఇవ్వజూపండి. ఆ ధరకు, ఒకే వంటగదితో, అమ్మానాన్నలతో కలిసి అందులో ఉండడం మీకు సమ్మతమైతే కొనండి. కాకపోతే రెండు కాపురాలకు జోన్‌లోనే అనుమతి ఉన్న వీధిలో వెతకండి. ఆ వీధులు ఏవో మీ ఊరి జోనింగ్ పటంలోనే ఉన్నాయి.